వన్స్ మోర్ వినబడని యంత్రము

చెన్నపట్టణమునకు దక్షిణమున, ఒకప్పుడు ఆంధ్రదేశమునుండి సరకుపడవలు దిగివచ్చిన బకింగ్‌హాం కాలువ ఒక ప్రక్కను, పళ్ళికరణై చిత్తడినేల వేరొక ప్రక్కను ఉండగా, ఆ నడుమ అద్దాల మేడలను వరుసగా నిలుపుకొన్న షోళింగనల్లూరులో, గుంటూరునుండియు నెల్లూరునుండియు కర్నూలునుండియు వచ్చి సాఫ్ట్‌వేర్ కొలువులలో కుదురుకొన్న తెలుగు యువకులు నలుగురు కూడినచోట ఈ మధ్య ఒక సిద్ధాంతము వినవచ్చుచున్నది. నాటకమనగా లోకవృత్తమును అనుకరించుట. అనుకరించుటలో కృత్రిమమేధ, అనగా వారు నోరారా ‘ఏఐ’ అని పిలుచుకొను యంత్రము, మనుష్యుని ఇప్పటికే మీరినది, మీరకున్నచో వచ్చే యేటికి మీరును. కాబట్టి నాటకము వ్రాయుటకు కవియు, ఆడుటకు నటుడును, శ్రుతి పట్టుటకు హార్మోనియము వాడును ఇకపై అక్కరలేదు అనునదియే ఆ సిద్ధాంతము. చెప్పువారు ఉత్సాహముతో చెప్పుచున్నారు. వినువారిలో నాటకాభిమానులైన పెద్దలు దిగులుతో ఒప్పుకొనుచున్నారు. సంతోషించువారికిని దుఃఖించువారికిని భేదము మనఃస్థితియందే కాని అభిప్రాయమునందు లేదు. నాటకము అనుకరణమే అను మొదటి వాక్యమును ఉభయులును విచారింపకయే అంగీకరించిరి. నా తగవు ఆ మొదటి వాక్యముతో.

దానిని ఖండించుటకు పూర్వము, మన పక్షమువారే తరచుగా ప్రయోగించు ఒక దుర్బలాయుధమును ప్రక్కన పెట్టవలసియున్నది. యంత్రమునకు యతిప్రాసలు రావు, సీసమడిగిన సీసమువలె కనబడునదేదో వ్రాసి నాలుగవ పాదమున గణములను గంగలో కలుపును, పల్నాటి యాసను గోదావరి యాసతో కలగలిపి ఏ యూరివారును మాటలాడని తెలుగును మాటలాడించును అని ఎద్దేవా చేయుటయే ఆ యాయుధము. ఈ యెద్దేవాలో నిజము లేకపోలేదు. అట్టి సీసములను చదివి నేనును నవ్వుకొన్నవాడనే. కాని ఛందస్సు లెక్క. లెక్క యంత్రమునకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ యేడు తప్పిన గణము వచ్చే యేడు తప్పకపోవచ్చును. అప్పుడు యతిభంగమును చూపి నాటకమును కాపాడబూనినవారు ఏ మొగముతో నిలుతురు? కావున యంత్రము నిర్దుష్టముగా పద్యము చెప్పుననియు, అచ్చముగా మనుష్యుని గొంతుతో పాడుననియు, తెరమీదికి వెనుకటి మహానటుడు బళ్ళారి రాఘవ మొగమునే తెచ్చి నిలుపుననియు ముందే ఒప్పుకొని వాదము సాగింతము.

వేయేండ్ల క్రిందట కాశ్మీరమున అభినవగుప్తుడు భరతుని నాట్యశాస్త్రమునకు వ్యాఖ్య వ్రాయుచు, తనకు పూర్వుడైన శంకుకుని మతమును విచారించెను. నటుడు రాముని అనుకరించుననియు, చిత్రమునందలి గుఱ్ఱమును చూచి గుఱ్ఱమని గ్రహించినట్లు ప్రేక్షకుడు నటునియందు రాముని గ్రహించుననియు, అట్లు అనుకరింపబడిన స్థాయీభావమే రసమనియు శంకుకుని మతము. షోళింగనల్లూరు సిద్ధాంతమునకు ఇంతకంటె గౌరవనీయమైన పూర్వరూపము దొరకదు. అభినవగుప్తుడు తన గురువైన భట్టతౌతుని వాదమును ముందుంచుకొని దీనిని ముక్కలు చేసెను. ఇది అనుకరణమని ఎవరికి తెలియవలెను? ప్రేక్షకునికా? అతడు రాముని ఎన్నడును చూడలేదు. మూలమును చూడనివానికి ఇది నకలు అని ఎట్లు తెలియును? నటునికా? అతడును చూచినవాడు కాడు. మీదుమిక్కిలి, బాణమును విల్లును అనుకరింపవచ్చును గాని రాముని శోకమును అనుకరించుటకు ఆ శోకము ఎక్కడ కనబడినది? అన్నింటికిని మించి, పరుల చేష్టలను అనుకరించుటవలన పుట్టునది హాసమని భరతుడే చెప్పియుండగా, ఆ యనుకరణమునుండియే కరుణము ఎట్లు పుట్టును? ఈ చివరి ప్రశ్నను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో నాకు ముందు పని యున్నది.

ఇది శుష్కతర్కమని తోచినవారు నరసింహజయంతి దినములలో తంజావూరు జిల్లాలోని మెలట్టూరునకు పోయి రావలెను. త్యాగరాజస్వామి కాలపువాడైన మెలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగున రచించిన ప్రహ్లాదనాటకమును అక్కడి భాగవతమేళమువారు తమిళదేశపు నడిబొడ్డున నేటికిని ఆడుచున్నారు. నరసింహుని మొగము వారికి వేషసామగ్రిలో నొకటి కాదు, పూజలందుకొను దేవత. ఆ మొగమును ధరించు నటుడు ఆ దినమున ఉపవసించును. హిరణ్యకశిపునకెదురుగా ఆవేశము మీరినపుడు ఆయనను పట్టి ఆపుటకు ప్రక్కన మనుష్యులుందురు. యంత్రమునకు విద్య నేర్పవలెనన్న సాధారణముగా మొదట వేలకొలది నమూనాలు కావలెను. స్తంభమునుండి వెడలిన నరసింహునికి నమూనా ఏది? వెనుకటి సంవత్సరముల వీడియోలున్నవి కదా అందురు. ఉన్నవి, అవి ఆ వేషము వేసినవారి కదలికలకు నకళ్ళు. వాటిని నేర్చిన యంత్రము నటుని కదలికను తేగలదు. నటుడు పొద్దుననుండి అన్నము మాని కూర్చున్నాడనియు, అతడు మన వీధిలోని ఫలానివారి అబ్బాయియనియు ఎరిగి, ఆ యెరుకతోనే చేతులు జోడించు ఆ సభను ఎక్కడనుండి తేగలదు?

ఇప్పుడు యంత్రపక్షమువారి మూలగ్రంథమునకు వత్తము. 1950లో ఆంగ్ల గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ ‘మైండ్’ పత్రికలో ప్రకటించిన వ్యాసమున, యంత్రము ఆలోచింపగలదా అను ప్రశ్నకు మారుగా ఒక ఆటను ప్రతిపాదించి, దానికి అనుకరణక్రీడయని పేరు పెట్టెను. ఆ యాట మొదటి రూపమును నేడు పలువురు మరచినారు. ఒకచోట ఒక పురుషుడును ఒక స్త్రీయును ఉందురు. వేరొక గదిలో ప్రశ్నించువాడుండును. వారి మధ్య నడచు మాటలన్నియు టైపు అక్షరములలోనే నడచును. పురుషుడు తానే స్త్రీనని నమ్మింప జూచును. ప్రశ్నించువాడు పొరబడెనా, పురుషుడు గెలిచినట్లు. ఆ పురుషుని చోట యంత్రమును కూర్చుండబెట్టిన ఏమగుననునది ట్యూరింగ్ వేసిన ప్రశ్న. డెబ్బది యేండ్లు దాటినను యంత్రముల తెలివికి అదియే కొలబద్దయని సామాన్యుల నమ్మకము.

పురుషుడు స్త్రీగా కనబడుట తెలుగువారికి వింత కాదు. బాపట్లలో పుట్టి తెనాలి రంగస్థలమున వెలసిన స్థానం నరసింహారావు సత్యభామగాను, చింతామణిగాను, రోషనారగాను దశాబ్దులకొలది తెలుగుదేశమును ఏలి 1956లో పద్మశ్రీ నందినవాడు. ఆయన పేరు కరపత్రముల మీద పెద్ద అక్షరములతో అచ్చుపడెడిది. టిక్కెట్టు కొన్న ప్రతివాడును సత్యభామ చీరలో నున్నది నరసింహారావుగారని ఎరిగియే కొనెడివాడు. ఎవ్వరును మోసపోలేదు; మోసపోవుటకు ఎవ్వరును రాలేదు. అలుగుటలో ఆ మెడ త్రిప్పినతీరు, కుచ్చెళ్ళను కాలితో జరిపినతీరు చూచి మురిసినవారు ఇది స్త్రీయేనని భ్రమపడి మురియలేదు, ఈయన పురుషుడై యుండి ఇంత చేసెనే అనియు మురియలేదు. ఆ రెండెరుకలను ఒకే మనస్సున ఒకేసారి నిలుపుకొని, వాటి నడుమనుండి తొంగిచూచిన సత్యభామను చూచి మురిసిరి. ట్యూరింగ్ ఆటలో రహస్యము బయటపడుటతో ఆట ముగియును. తెనాలిలో రహస్యమన్నదే లేకుండ ఆట ఆరంభమాయెను. ట్యూరింగ్ ఆటకు దేహమును, స్వరమును, చూపును తొలగించుట నియమము. మన యాటకు ఆ మూడే మూలధనము. ట్యూరింగును నిందించుట నా యుద్దేశము కాదు, ఆయన నాటకమును గూర్చి వ్రాయలేదు. ఆయన కొలబద్దను తెచ్చి నాటకమునకు పెట్టినవారిదే తప్పు.

సినిమాకు వచ్చినను ఇదే సంగతి. 1957లో మన చెన్నపట్టణముననే తయారైన ‘మాయాబజార్’లో సావిత్రి మాయాశశిరేఖ యయినపుడు, ఆడపిల్ల రూపమున దాగిన ఘటోత్కచుని మనకు చూపుచునే పెండ్లివారికి చూపకుండ ఆడిన యాటలో రుచియంతయు, వేషము లోపలినుండి వేషధారి తొంగిచూచుటయందే కలదు. అనుకరణము పరిపూర్ణమైయున్నచో, లక్ష్మణకుమారునితోపాటు మనమును మోసపోయి, నవ్వు దక్కక ఇల్లు చేరియుందుము.

ఇంక ‘వన్స్ మోర్’ సంగతి. ఇది ఆంగ్లేయుల మాటయే గాని ఆచారముగా మన పల్లెల సొత్తు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలోని రాయబారపు సీనులో కృష్ణుడు పద్యమెత్తుకొనును. రాగమును ఒక్కొక్క మెట్టు ఎక్కించి, చివరి పాదమును దింపి, సభ వంక చూచును. అంతలో వెనుకనుండి ‘వన్స్ మోర్’ అని కేక. ఆ వెంటనే ఇంకొకటి. కౌరవసభ అక్కడికక్కడ నిలిచిపోవును. కురుక్షేత్రము ఆలస్యమైనను ఫరవాలేదు, దుర్యోధనుడు మీసము దువ్వుకొనుచు వేచియుండును. కృష్ణుడు హార్మోనియము వానికి కనుసైగ చేసి, అర శ్రుతి పెంచమని చెప్పి, మరల ఎత్తుకొనును. ఆ రెండవ పద్యము మొదటి పద్యము కాదు. మొదటిసారి తాను తలచినట్లు పాడెను. రెండవసారి, ఎక్కడ చప్పట్లు పడెనో అక్కడ మరికొంత నిలిచి, ఎక్కడ సభ దగ్గెనో అక్కడ త్వరపడి, అడిగినవానికి బదులు చెప్పుచు పాడెను. బళ్ళారి రాఘవకు ఈ సాగతీత గిట్టదు. నటన యంతయు రాగము క్రింద నలిగిపోవుచున్నదని ఆయన వాదము, అందు సత్యమును లేకపోలేదు. పద్యము పదేపదే పాడి పాత్రను చంపిన కృష్ణులు మనకు కొరత లేదు. అయినను ఆ దోషమునందే నాటకలక్షణము దొరకుచున్నది: సభ ఒక మాట అన్న, రంగస్థలము మీద కాలము వెనుకకు తిరుగును.

గడచిన ఉగాదికి షోళింగనల్లూరులోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయపు క్లబ్‌హౌస్‌లో పిల్లలచేత ఈ సీనే వేయించిరి. పద్యములు నేర్పుటకు తీరిక లేక, కృష్ణుని గొంతును యంత్రముచేత తయారుచేయించిరి. ప్రసిద్ధనటుల పోలిక యున్న, దోషమెన్నుటకు వీలులేని గొంతు. నెమలిపింఛము జారుచుండగా పిల్లవాడు పెదవులు కదలించెను. పద్యము ముగిసినది. ముందు వరుసలో కూర్చున్న ఒక గుంటూరు పెద్దాయన, అలవాటు చొప్పున, “వన్స్ మోర్ బాబూ!” అని కేకవేసెను. పిల్లవాడు ఎవరిని చూడవలెనో తెలియక లాప్‌టాప్ దగ్గర నున్న తండ్రివైపు చూచెను. “ఒక్క నిమిషం అంకుల్, వెనక్కి జరుపుతున్నా,” అని ఆయన బదులు చెప్పెను. జరిపెను. అదే పద్యము, అదే శ్రుతి, మూడవ పాదము ముందు అదే ఊపిరి. పెద్దాయన ప్రక్కవానితో, “రికార్డా?” అని అడిగి, జేబులోనుండి ఫోను తీసికొనెను. ఆ సాయంకాలము ఆయన మరల కేకవేయలేదు.

యంత్రపక్షమువారు దీనికి బదులుగా, ఇది పాత పద్ధతి, రేపటి యంత్రము కేకను విని రెండవసారి మార్చి పాడును అందురు. పాడనిండు. కేకవేయువానికి కావలసినది మార్పు కాదు. గొంతు బొంగురుపోవునేమో అను భయముతో, పై స్థాయి అందునో అందదో అను సంశయముతో, ఎదుటి మనిషి తన కొరకు మరల ఒకసారి తెగించుట ఆయనకు కావలెను. తప్పుటకు వీలులేనిదానిని ఎవ్వరును వన్స్ మోర్ అడుగరు. ఈలపాట రఘురామయ్య వ్రేలు నోటనుంచి పద్యమును ఈలతో పలికించినపుడు, ఇంతకంటె తీయని వేణువులు ఊరూర నుండగా జనము అర్ధరాత్రివరకు ఎందుకు కూర్చుండెనో దీనివలన తెలియును.

యంత్రముతో నాటకమాడు ప్రయోగములను పాశ్చాత్యులు మనకంటె ముందే చేసి చూచిరి. ‘రోబో’ అను పేరును లోకమునకిచ్చిన కారెల్ చాపెక్ నాటకము ప్రేగ్ నగరపు జాతీయరంగశాలలో 1921లో ప్రదర్శింపబడెను. దానికి నూరేండ్లు నిండిన సందర్భమున, అదే నగరమువారు 2021 ఫిబ్రవరిలో జీపీటీ-2 అను యంత్రముచేత వ్రాయించిన నాటకమును ప్రదర్శించిరి. యంత్రమే వ్రాసెనని వార్త. సన్నివేశమునకు ఎత్తుగడ నిచ్చినది మనుష్యులు, వచ్చిన పాఠములో దేనిని ఉంచి దేనిని త్రోయవలెనో నిర్ణయించినది మనుష్యులు, పొంతన లేని మాటలకు గొంతులో పొంతన కూర్చినది నటులు. అంతకుముందే 2016 ప్రాంతమునుండి పియోటర్ మిరోవ్‌స్కీ, కోరీ మాథ్యూసన్ అను ఇరువురు, యంత్రము అప్పటికప్పుడు కల్పించిన వాక్యమును నటుని చెవిలో ఊదుట, నటుడు దానిని తన మాటగా పలికి నెగ్గించుకొనుట అను వినోదమును ఆడుచున్నారు. తెలుగు నాటకసమాజములలో తెరచాటున పుస్తకము పట్టుకొని మాట అందించు ప్రాంప్టరును ఎరిగినవారికి ఇందు ఆశ్చర్యమేమియు లేదు, ఈ ప్రాంప్టరుకు మతి స్థిమితము కొంచెము తక్కువ యనుట తప్ప. అసందర్భపు మాట చెవిని బడినపుడు నటుని కనుబొమ లేచిన క్షణమే ఆ ప్రదర్శనకు ప్రాణము. సభ నవ్వునది ఆ కనుబొమను చూచి. అనుకరణమునుండి పుట్టునది హాసమని భరతుడు చెప్పినది ఇక్కడ సార్థకమైనది.

దీనివలన నేను తమ పక్షములో చేరితినని శుద్ధనాటకవాదులు సంతోషింపవలదు. యంత్రము రంగస్థలమును మైలపరచునని, నాటకమునకు నటుడును మాటయును చాలునని వారు చెప్పుమాట చరిత్రకు విరుద్ధము. భోజుని సమరాంగణసూత్రధారము యంత్రములకు ఒక అధ్యాయమునే కేటాయించినది. అందు ఆడు దారుప్రతిమలును కలవు. మన సురభివారి వంశచరిత్ర అంతకంటె ఎదురులేని సాక్ష్యము. మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాడించుకొని బ్రదికిన కుటుంబములోని వనారస గోవిందరావు, 1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధ నాడించెను. బొమ్మను పట్టిన చేతులే రంగస్థలమునెక్కినవి. వారి మాయాబజారులో ఎదురెదురుగా వచ్చిన బాణములు నడి ఆకాశమున ఢీకొని నిప్పులు రాలును, నారదుడు మేఘముమీద దిగివచ్చును. తీగ కనబడదా? ముందు వరుసలోని పిల్లవానికి కూడ కనబడును. వాడు తల్లి భుజము తట్టి తీగను చూపి, అదే క్షణమున బాణము తగిలినందుకు కేరింతలు కొట్టును. 1770లో వియన్నా రాజసభకు వచ్చిన, తనంతట తానే చదరంగమాడునని చూపబడిన బొమ్మను దీనితో పోల్చి చూడవలెను: బల్ల లోపల మనుష్యుడు దాగియున్నాడని తేలినపిమ్మట దానిలో వింత యేమియు మిగులలేదు. సురభి తీగ నూట నలుబది యేండ్లనుండి అందరికి తెలిసిన రహస్యమై యుండియు ఇంకను పనిచేయుచున్నది.

షోళింగనల్లూరునుండి సముద్రపు దారి పట్టి దక్షిణముగా పోయిన, ముట్టుకాడులో 1996లో తెరచిన దక్షిణచిత్ర అను ప్రదర్శనశాల కలదు. తెలుగుదేశపు ఇండ్లును అక్కడ పునర్నిర్మింపబడినవి, తోలుబొమ్మలాటలును అక్కడ అప్పుడప్పుడు ఆడుదురు. అడిగినచో ఆటవారు తెర వెనుకకు పోనిత్తురు. అక్కడ కనబడునదేమి? ఒక దీపము, ఎండిన తోలుమీద చిల్లులు పొడిచి రంగులద్దిన రాముడు, కీళ్ళ దగ్గర దారముతో కుట్టి, కర్రపుల్లతో కదలించు చేయి, మాట చెప్పుచు, బొమ్మను త్రిప్పుచు, యుద్ధపు చప్పుడు కొరకు కాలితో పలకను త్రొక్కు మనిషి. ఆ మనిషి చెమటను చూచి మరల తెర ముందుకు వచ్చి కూర్చున్నవానికి రాముడు తగ్గడు, పెరుగును. ఇంతకంటె నిష్కపటమైన యంత్రము నాకు తెలియదు. శుద్ధవాదులు దీనిని జానపదమని మెచ్చుకొని, లాప్‌టాప్‌ను మాత్రము అపచారమనుటలో నాకు న్యాయము కనబడదు. తోలుకును సిలికానుకును కులభేదము లేదు. భేదము, ఆడించువాడు కనబడునా కనబడడా అనుటయందున్నది.

గొంతుల తగవులును ఈ కొలతనే కోరుచున్నవి. 2024లో ఏ.ఆర్. రెహ్మాన్, గతించిన ఇరువురు గాయకుల గొంతులను యంత్రముతో మరల సృజించి ‘లాల్ సలామ్’ చిత్రములో పాడించి, వారి కుటుంబముల అనుమతి తీసికొని ప్రతిఫలము నిచ్చితినని బహిరంగముగా చెప్పెను. అదే యేడు, ‘కీడా కోలా’ అను తెలుగు చిత్రములో తన తండ్రి బాలసుబ్రహ్మణ్యముగారి గొంతును తమ యనుమతి లేకయే కృత్రిమముగా వాడిరని ఎస్.పి. చరణ్ లాయరు నోటీసు పంపెను. గొంతు సరిగా కుదరలేదని ఈయన ఫిర్యాదు కాదు. కుదరకున్నచో నోటీసే అక్కరలేకపోవును.

కావున షోళింగనల్లూరు యువకులకు నేను చెప్పదలచినది స్పష్టము. యంత్రమును రంగస్థలమునకు తెండు. ధర్మరాజు వేషము మాత్రము ఇవ్వకుడు. దానికి తగిన పాత్రలు మన తోలుబొమ్మలాటలో ఏనాటినుండియో సిద్ధముగా నున్నవి: రాముడు దుఃఖించుచుండగా నడుమ దూరి, సంబంధము లేని మాటలాడి, పండితులను వెక్కిరించి, తన్నులు తిని పోవు కేతిగాడును బంగారక్కయును. ఎదుటివాని మాటను పట్టుకొని వికృతముగా అప్పగించుట, తెలియనిదానిని తెలిసినట్లు దబాయించుట, పెద్దమాటలను తప్పుచోట వాడుట, ఈ మూడు విద్యలలో ఈ యంత్రము ఇప్పటికే వారితో సరితూగును. వచ్చే ఉగాదికి కృష్ణుని పద్యములను పిల్లవానికి మూడు నెలల ముందునుండి ఎవరైన నేర్పవలెను. గొంతు పగిలినను పగులనిండు. లాప్‌టాప్‌ను తెరచాటునుండి తీసి, తలపాగ చుట్టి, అందరికి కనబడునట్లు రంగస్థలము నడుమ ఒక పీటమీద పెట్టవలెను. కరపత్రములో దాని పేరును, దానిని ఆడించు తండ్రి పేరును అచ్చువేయింపవలెను. అది పద్యము నడుమ అడ్డువచ్చి కూసినపుడు, బంగారక్క వేషములోనున్న పిల్ల చీపురు తిరగవేసి దాని మూత మూయుటకు వీలుగా, ఆ పీట చేయి అందునంత దూరమున నుండవలెను.